రాకాసికి చెంబెడు నీళ్లు

సిరిసిల్లలో అంబదాస్ తన ఇంట్లో కూర్చుని ఎవరినైనా పలకరిస్తే వీధి చివరివాళ్లు జవాబిస్తారు. మనిషి కోపిష్టి కాడు. పన్నెండో ఏట సాంచాల షెడ్డులో అడుగుపెట్టాడు. ఆ మరమగ్గాల టకటకల మధ్య ఎదుటివాడికి వినబడాలంటే అరవాలి, లేదా చేతులూపాలి. ఇంటికొచ్చాక కూడా ఆ రెండూ ఒకేసారి చేస్తాడు. పైగా ఆటలంటే పిచ్చి. గోళీలాడే వయసు మగ్గానికి ఇచ్చేశాడు కాబట్టి నలభై దాటినా ఆ పిచ్చి దిగలేదు.

అలాంటి మనిషి చేతికి బావమరిది తన పాత ట్యాబ్ ఇచ్చి, పిల్లలకు ఏదైనా ఆట వేయించమన్నాడు. ఇక చూడాలి అంబదాస్ సంబరం! భార్య బాలలక్ష్మి బీడీలు చుడుతూనే షరతులు పెట్టింది.

"నెట్టు ఉండద్దు. నెత్తురు ఉండద్దు. పోరగాండ్లు ఇద్దరు కల్సి ఆడాలె, కొట్టుకోవద్దు."

"గంతేనా? నాకిడ్సిపెట్టు!"

కొంప మునిగింది అక్కడే. మొదటి ఆటను ఆయన షెడ్డులో పరీక్షించాడు, అదీ సాంచాలు నడుస్తుండగా! మాయాకోట బాగుంది, రంగురంగుల పక్షులు బాగున్నాయి. రాకాసి నోరు తెరిస్తే ఆవులిస్తోంది కాబోలు అనుకున్నాడు. ముచ్చటపడి ఇంటికి తెచ్చి, తన చెవికి ఆనేంత సౌండ్ పెట్టి పిల్లల ముందుంచాడు. ఆవులింత కాదది. ఆ అరుపుకు బాలలక్ష్మి చేటలో తంబాకు ఎగిరిపడింది. ఏడేళ్ల నవ్యశ్రీ బియ్యం డ్రమ్ము వెనక దూరింది.

అప్పటినుంచి పొద్దుగూకితే ఆ పిల్ల పెరట్లోని బాత్రూముకు ఒంటరిగా పోదు. రాకాసి తలుపు పక్కనే ఉందంటుంది. బాపు బయట నిలబడి పాట పాడుతూ ఉండాలి, పాట ఆగితే లోపల్నుంచి ఏడుపు. అంబదాస్ వీధంతా అదిరేలా పాడతాడు గానీ లోలోపల కుమిలిపోతున్నాడు. బిడ్డకు ఆట తెస్తాననుకుని భయం తెచ్చిపెట్టాడు పాపం.

బాలలక్ష్మి తేల్చి చెప్పింది. "ఇంకొక్కటి తే. గది జూసి గూడ పిల్ల జడుసుకుంటే ట్యాబు మా తమ్మునికి వాపస్."

ఈసారి షెడ్డు జోలికి పోలేదు. సెలవురోజు పొద్దున్నే మొబైల్ షాపులో కుమార్ ఎదురుగా స్టూలు వేసుకుని కూర్చున్నాడు.

"నెట్టు బంద్ చెయ్. సౌండ్ మొత్తం పెట్టు. ఇగ సూపియ్."

ఒక ఆటలో వీరుడు మరుగుజ్జును కత్తితో నరికాడు.

"గా పొట్టోడు ఏమైండు?"

"సచ్చిండన్నా. మల్ల లేస్తడు."

"మల్ల లేసేటోన్ని సంపుడెందుకు? తీసెయ్."

ఇంకోదాంట్లో ఎగిరే గుర్రం భలేగా ఉంది కానీ నెట్టు లేనిదే కాలు కదపనని మొరాయించింది. మరొకటి ఒక్కరే ఆడేది. అది ఇంటికి తెస్తే అన్నాచెల్లెళ్లు జుట్లు పట్టుకుంటారు. మధ్యాహ్నానికి కుమార్ పరేషాన్ అయ్యాడు, అంబదాస్ మాత్రం ఆకలి మరిచిపోయాడు. చివరికి దొరికింది! వెన్నెల అడవి, రెక్కల చేపలు, దీపం పట్టుకున్న అన్నాచెల్లెళ్లు. ఇద్దరూ కలిసి నడిస్తేనే దారి తెరుచుకుంటుంది.

"జర ఆగన్నా," అన్నాడు కుమార్. "గిండ్ల గూడ ఒక రాకాసి ఉన్నది. గుడిసె తలుపు కాడికొస్తది. సంపుడైతే లేదు, కట్టెతోని బెదిరిచ్చి ఎల్లగొట్టాలె గావచ్చు."

అంబదాస్ ముఖం వాడిపోయింది. కానీ రెక్కల చేపల్ని వదిలి రావడానికి మనసొప్పలేదు.

సాయంత్రం బాలలక్ష్మి చేట పక్కన పెట్టి, తీర్పు చెప్పే పెద్దమనిషిలా కూర్చుంది. పిల్లలు చేపల వెంట ఎగురుతుంటే వాళ్ల వెనక అంబదాస్ "ఎగురు బిడ్డా, ఎగురు!" అని కేకలు. అంతలో గుడిసె తలుపు దబదబా మోగింది. కొండంత రాకాసి! నవ్యశ్రీ కెవ్వుమంది. పదేళ్ల సాయిచంద్ కట్టె ఊపాడు, రాకాసి కదల్లేదు. బాలలక్ష్మి చెయ్యి ట్యాబ్ మీదికి సాగింది. అయిపోయింది, అనుకున్నాడు అంబదాస్.

ఆ చెయ్యి మధ్యలో ఆగింది.

"గా గుడిసె మూలకు సెంబున్నది గదరా?" అంది కొడుకుతో.

"ఉంటే ఏందవ్వా?" అని తల్లిని అడిగాడు సాయిచంద్.

"ఏందేంది? ఇంటి ముంగటికొచ్చినోళ్లకు మంచినీళ్లియ్యకుంట కట్టె సూపిస్తరా? నేను నేర్పిచ్చింది గిదేనా?"

గదమాయిస్తూనే ఆమె చెంబును వేలితో నొక్కి రాకాసి చేతి దాకా లాగింది.

రాకాసి చెంబు అందుకుంది. గటగటా తాగింది. మూతి తుడుచుకుని చతికిలబడి, సిగ్గుపడుతూ పిల్లలిద్దరినీ భుజాలకెక్కించుకుంది. ట్యాబ్ నిండా తారాజువ్వలు, ఇంటి నిండా కేరింతలు! అంబదాస్ ఆనందం పట్టలేక భార్యను ఎత్తి తిప్పబోయి, ఆమె చూపు చూసి సాయిచంద్‌ను తిప్పాడు.

"ఇటియ్యుండ్రి, దానిది ఏ ఊరో సూస్తా," అని బాలలక్ష్మి ట్యాబ్ లాక్కుంది.

చీకటి పడుతుండగా నవ్యశ్రీ లేచింది. అంబదాస్ అలవాటుగా గొంతు సవరించుకుని వెంట నడిచాడు.

"నువ్వు రాకు బాపు."

పిల్ల నీళ్ల తొట్టిలో చెంబు ముంచి, రెండు చేతులతో పట్టుకుపోయి, బాత్రూము తలుపు పక్కన ఒలకకుండా పెట్టింది. "తాగి కూసో. నేనిప్పుడే వస్త," అని రాకాసికి చెప్పి లోపలికి పోయి తలుపేసుకుంది.

అంబదాస్ గడప మీదే నిలబడిపోయాడు. లోపల్నుంచి ఏడుపు రాలేదు. పాట వచ్చింది, రోజూ తాను పాడే పాటే. కళ్లు తుడుచుకుని ఆయన కూడా అందుకున్నాడు, పక్కింటికి కూడా వినబడనంత మెల్లగా.