సెకండ్ షిఫ్ట్‌లో పడిన ఫైనల్

ముందే చెప్పేస్తున్నాను, నా మాటల్లో సగానికి సగం తరుగు తీసేసి చదువుకోండి. మా ఇంట్లోనూ అదే పద్ధతి. నేను బజారు నుంచి వచ్చి "ఇవాళ దొరికిన చేప మొసలంత ఉంది" అంటే మా ఆవిడ అన్నిటికన్నా చిన్న గిన్నె తీసి పొయ్యి మీద పెడుతుంది. పెళ్లయిన కొత్తలో పెద్ద గిన్నె పెట్టేది పాపం.

పాల్వంచలో మా కరెంటు కంపెనీ కాలనీకి ఒక వాలీబాల్ జట్టు ఉంది. అందులో నేను ఆడను. ఆడటం తప్ప మిగతా పనులన్నీ నావే. నేను స్టోర్స్‌లో జనరల్ షిఫ్ట్ మనిషిని, అంటే పొద్దున వెళ్లి సాయంత్రానికి ఇంటికి వచ్చేసే అదృష్టవంతుణ్ణి. పొద్దు వాలేసరికి కోర్టు పక్క సిమెంటు బెంచీ మీద ఉంటాను. ఆ బెంచీకి నా ఆకారంలో గుంట పడింది. నేను లేచాక వర్షం కురిస్తే అందులో కప్పలు గుడ్లు పెడతాయి. అక్కడ కూర్చుని ఎవరిని ఎక్కడ నిలబెట్టాలో, ఎవరిని ఇంటికి పంపాలో గట్టిగా చెబుతుంటాను. ఎవరూ అడగరు. అడగలేదని మానేస్తే అభిమాని ఎందుకవుతాడు?

లోకంలో జట్లను సెలెక్టర్లు ఎంపిక చేస్తారు. మా జట్టును షిఫ్ట్ చార్టు ఎంపిక చేస్తుంది. ఫస్ట్ షిఫ్ట్ వాడు మధ్యాహ్నం దిగి ఆడతాడు, నైట్ షిఫ్ట్ వాడు కళ్లు తెరిచే నిద్రపోతూ ఆడతాడు, సెకండ్ షిఫ్ట్ వాడు అసలు ఆడడు. ఎందుకంటే మ్యాచ్ జరిగే సాయంత్రం అతను బాయిలర్ దగ్గరుంటాడు. ఎంత గొప్ప ఆటగాడైనా సెకండ్ షిఫ్ట్ పడిందంటే ఆ వారం కాలు విరిగినట్టే లెక్క.

జట్టులో వెనక నిలబడి బంతులు తీసేవాడు బొగ్గు బెల్టు దగ్గర పనిచేస్తాడు. అతను పడి లేచిన చోట మనిషి అచ్చు మిగిలిపోతుంది. మా కోర్టులో అలాంటి అచ్చులు ఎన్ని ఉన్నాయంటే, కొత్తగా వచ్చినవాళ్లు అక్కడేదో గొడవ జరిగిందనుకుంటారు. సర్వీస్ చేసేవాడు బంతి పట్టుకుని భద్రాద్రి వైపు తిరిగి కళ్లు మూసి దండం పెట్టుకుంటాడు. భక్తికి నేను అడ్డు చెప్పను కానీ, కొట్టే ముందు కళ్లు తెరవాలని ఎవరైనా చెప్పాలి. ఇక వెల్డింగ్ షాపాయన ఉన్నాడు, అదనపు స్మాషర్. ఎగిరి కొట్టడం అతని పని. ఎగిరానని అతనే చెప్పాలి, మనకు మాత్రం తేడా తెలియదు.

అసలు స్మాషర్ వేరే. భద్రాచలం దాటాక దుమ్ముగూడెం వైపు అడవి ఊళ్లలో పుట్టి పెరిగిన టెక్నీషియన్. తాటిచెట్టు నడిచి వచ్చినట్టుంటాడు. నెట్టు దగ్గర అవతలి వాళ్లను తన కోయ భాషలో ఏదో అంటాడు. ఏమన్నాడో తెలియక వాళ్లు ఇంకా ఎక్కువ జడుసుకుంటారు. ఓసారి అర్థం అడిగితే "'అన్నం తిన్నరా' అన్న, కాకా" అన్నాడు.

ఇక లిఫ్టర్. నెట్టు పక్కన నిలబడి, స్మాషర్‌కు అందేలా బంతిని వేళ్లతో పైకి లేపిపెట్టే మనిషి. ఆయన మా ఆవిడకు అన్న, నాకు బావ. ఆయన లేపిన బంతి గాల్లోకి వెళ్లి ఆగుతుంది. స్మాషర్ ఇంకా రాకపోతే అక్కడే కాసేపు కూర్చుని ఎదురుచూస్తుంది. ఈ ముక్కలో తరుగు తీయకండి, కావాలంటే మరికాస్త కలపండి.

కాబట్టి నా సిద్ధాంతం ఒక్కటే. రోజూ బెంచీ మీద నుంచి ప్రకటించేవాణ్ణి: "జట్టంటే మా బావనే! స్మాషర్‌ది ఏముంది? మా బావ లేపితే కరెంటు స్తంభం గూడ కొడ్తది!"

స్మాషర్ నెట్టు దగ్గర నుంచే నవ్వేవాడు. "అవ్ కాకా, స్తంభానికి జెర్సీ కుట్టియ్యి మరి."

ఇంత జట్టు ఉండీ మాకు భద్రాచలం టోర్నమెంటు కప్పు దక్కలేదు. ప్రతి వేసవిలో ఫైనల్ దాకా వెళ్తాం. అక్కడ ఇల్లందు బొగ్గుబాయి జట్టు ఉంటుంది. వాళ్లు భూమి లోపల పనిచేసి వచ్చినవాళ్లు కదా, పైన గాలి తగలగానే ఎక్కడ లేని హుషారుతో ఎగురుతారు. మేం ఓడిపోయి గోదావరి బ్రిడ్జి మీదుగా తిరిగొస్తాం. ఆ బ్రిడ్జికి మా ముఖాలు కంఠతా వచ్చు.

ఈ వేసవికి ఇంకో సంగతి తోడైంది. బావ పనిచేసే పాత యూనిట్ మూసేస్తున్నారు. ఆయనకు నల్లగొండ వైపు కొత్త ప్లాంటుకు బదిలీ వచ్చింది. అంటే ఇదే ఆఖరి టోర్నమెంటు. జుట్టు నల్లగా ఉన్నప్పటి నుంచి ఆ కప్పు కోసం ఆడిన మనిషి, దాన్ని ఒక్కసారి కూడా ముట్టుకోకుండా సామాన్లు సర్దుకోవాలి. మేం సెమీస్ గెలిచాం. ఫైనల్ ఆదివారం సాయంత్రం అన్నారు. చార్టు చూస్తే ఆదివారం బావకు సెకండ్ షిఫ్ట్.

మా దగ్గర దీనికి మందు ఉంది. మ్యూచువల్ అంటాం. నా డ్యూటీ నువ్వు చెయ్యి, నీ డ్యూటీ ఇంకోనాడు నేను చేస్తాను. కాలనీలో పెళ్లిళ్లు, చావులు, కొత్త సినిమాలు అన్నీ మ్యూచువల్ మీదే నడుస్తాయి. ఒక్క బావ మాత్రం ఊరందరి డ్యూటీలు చేశాడు కానీ, తన డ్యూటీ చేయమని ఎవరినీ అడిగి ఎరగడు.

"డ్యూటీ డ్యూటే. నా కుర్చీల ఇంకొకడు కూసుంటే నాకు నిద్ర పట్టది. మీరు పోయి ఆడుండ్రి," అన్నాడు.

ఆ పూట మా ఆవిడ పప్పు గరిటెతో నన్ను చూపిస్తూ అంది: "మా అన్న కప్పు ముట్టకుండనే పోతడా? పొద్దంత బెంచీ మీద కూసొని వొర్రుతవ్ గద, ఒక్క పనన్న చెయ్యరాదు?"

చేశాను. బాయిలర్ మెకానిక్ ఒకాయన ఉన్నాడు, ఆయన మీసాల మీద రెండు చిలకలు హాయిగా వాలొచ్చు. ఆయన్ని పట్టుకున్నాను. "మీ బావ కోసమా? నా బిడ్డ పెండ్లప్పుడు ఆయనే నా డ్యూటీ చేసిండు. అడుగుడేంది, పోత," అన్నాడు. షిఫ్ట్ ఇంచార్జికి ఫోన్ చేస్తే ఆయనా కాదనలేదు. "మనిషికి మనిషుంటే నాకేంది? మీ బావను ఆడనియ్యి."

బావకు మాత్రం ఆదివారం పొద్దున దాకా చెప్పలేదు. చెబితే వెళ్లి రద్దు చేయించుకుంటాడు. డ్యూటీకి మనిషి ఖాయమయ్యాడని అప్పుడు చెప్పాను. "అడగొద్దంటి గద!" అని బావ గోడను, గడియారాన్ని, నన్ను వరసగా తిట్టి, లోపలికి వెళ్లి జెర్సీ వేసుకొచ్చాడు. అప్పటికే ఇస్త్రీ చేసి ఉంది.

వ్యాన్‌లో బయలుదేరాం. డప్పు ఒకటి, మనుషులు వ్యాన్ పట్టినంత, పట్టనంత. అడవి రోడ్డు పొడవునా నేను జట్టు భవిష్యత్తు గురించి ఉపన్యసించాను. కోతులు కొమ్మలు దిగి వచ్చి విన్నాయి. స్మాషర్‌కు ఫస్ట్ షిఫ్ట్ కాబట్టి, అతను మధ్యాహ్నం డ్యూటీ దిగి బండి మీద నేరుగా వస్తాడు.

రాలేదు. ఇల్లందు వాళ్లు నెట్టు అవతల ఎగిరెగిరి ఒళ్లు వేడెక్కించుకుంటున్నారు. స్మాషర్ ఫోన్ మోగడం లేదు. చివరికి ఇంచార్జికి చేశాను.

"సార్, మా స్మాషర్ బయలెల్లిండా?"

"బయలెల్లుడేంది? గిక్కడ్నే ఉన్నడు. మీ బావ డ్యూటీ చేస్తుండు."

"మా బావ డ్యూటీకి మీసాలాయన గద సార్ వచ్చింది?"

"ఆయన గూడ ఉన్నడు. ఇంకొకాయన గూడ వచ్చిండు, మీ ఇంట్లామె పంపిందంట. ఒక్క కుర్చీకి ముగ్గురయ్యా! ముగ్గురు దిక్కుల నుంచి ఫోన్లొస్తే ఒక్క ముచ్చటనే అందరు చెప్తున్నరనుకున్న. ఇప్పుడు ముగ్గురు నా ముంగట కూసొని, డ్యూటీ నాదంటే నాదనుకుంట చాయ్ తాగుతున్నరు."

మ్యాచ్ చూడ్డానికి మాతో వచ్చి పక్కనే ఉన్న మా ఆవిడ వైపు తిరిగాను. "నువ్వు గూడ పంపినవా?"

"పంపిన. నీకు చెప్పిన పని ఏనాడు అయ్యింది గనక?" అంది. ఎదురింటామె భర్తను అడిగిందట. అడిగిన సంగతి బావకు చేరుతుందని నాకూ చెప్పలేదట. మా కాలనీలో రహస్యం దాగడం అదే మొదటిసారి. సరిగ్గా దాగకూడని రోజే దాగింది.

ఇంచార్జి ఫోన్ స్మాషర్ చేతికిచ్చాడు.

"నీకేం పుట్టిందిరా? ఫైనల్ ఇడిసిపెట్టి డ్యూటీ చేస్తవా?" అని అరిచాను.

"నువ్వే అంటివి గద కాకా, ఆయన లేపితే స్తంభం గూడ కొడ్తదని. ఆయన లేకుంటే ఆట లేదు గద. నాకేమో ముంగట మస్తు ఫైనల్స్ ఉన్నయ్. ఆయనకు గిదొక్కటే. వెల్డింగాయన కొడ్తడు తియ్యి."

ఎన్నో ఏళ్లుగా ఎన్నో అభిప్రాయాలు చెప్పాను. మా ఇంట్లో దోమలు కూడా వాటిని లెక్కచేయవు. ఎవరైనా ఒకటి నమ్మడం అదే మొదటిసారి, నమ్మినవాడు మా స్మాషర్.

"స్తంభం కొట్టదురా నాయనా! ఏ స్తంభమూ కొట్టదు! జల్దీ రా!" అని అరిచాను. ఇల్లందు వాళ్లు కూడా ఎగరడం ఆపి నావైపు చూశారు.

అడవి రోడ్డు దాటి అతను రావాలి కదా. ఈలోపు మొదటి సెట్ మొదలైంది. బావ పువ్వుల్లాంటి బంతులు లేపుతున్నాడు. వెల్డింగాయన కింద నిలబడి వాటిని తలెత్తి, రైలు వెళ్లిపోతుంటే చూసినట్టు చూస్తున్నాడు. బావ రానురాను బంతిని కిందికి, ఇంకా కిందికి తెచ్చి ఆయన ముక్కు ముందు పెట్టాడు. ఆయన కొట్టాడు. నెట్టు ఇప్పటికీ కోలుకోలేదు. సెట్ పోయింది.

రెండో సెట్ సగంలో గేటు దగ్గర బండి ఆగింది. స్మాషర్! కంపెనీ యూనిఫాం, తలమీద పసుపు హెల్మెట్, కాళ్లకు ఇనుప ముక్కు సేఫ్టీ బూట్లు. వెల్డింగాయన జెర్సీ విప్పి ఇచ్చిన తీరు చూస్తే, చెరసాల నుంచి విడుదలైనవాడు బట్టలు మార్చుకున్నట్టుంది. ఆ జెర్సీ స్మాషర్‌కు బొడ్డు దాకానే వచ్చింది. బూట్లు మార్చుకునే వ్యవధి లేదు.

కోర్టులో నిలబడ్డ అతన్ని చూసి బావకు విషయం అర్థమైంది. "నువ్వు నా డ్యూటీకి పోయినవార?"

"పోయిన. కుర్చీ ఖాళీ లేదన్నరు, వచ్చిన."

బావ తర్వాతి బంతి ఆకాశానికి పంపాడు, అంతే. స్మాషర్ ఎగిరాడు. అంత బరువు బూట్లతో అంత ఎత్తు ఎలా లేచాడో ప్లాంటు ఇంజనీర్లు లెక్కకట్టాలి. దిగినప్పుడు భూమి అదిరి గోదావరిలో పడవలు ఊగాయి. రెండో సెట్ మాది. మా ఆవిడ వేళ్లు నోట్లో పెట్టి ఈల వేసింది. ఇన్నేళ్ల కాపురంలో ఆమెకు ఈల వచ్చని నాకు తెలియదు.

మూడో సెట్ మొత్తం ఒకరి పాయింటు వెంట ఒకరిది. చివరికి అటూ ఇటూ సమానమైతే, వచ్చే పాయింటు ఎవరిదైతే కప్పు వాళ్లదే అన్నారు. బంతి బావ చేతుల్లోకి వచ్చింది. స్మాషర్ బూట్లు ధనధనలాడించుకుంటూ పరుగెత్తి గాల్లోకి లేచాడు. అతనితో పాటు ఇల్లందు జట్టంతా లేచింది, వాళ్ల వెనక ప్రేక్షకులూ లేచారు. బావ లేపలేదు. రెండు వేళ్లతో బంతిని అలా, కోడిపిల్లను గంప కిందికి తోసినట్టు, నెట్టు మీదికి తోశాడు. బంతి నెట్టు అంచు మీద వాలింది. కాసేపు నిలబడింది. రెండు ఊళ్లనూ మార్చి మార్చి చూసింది. అవతల పడింది.

తర్వాత ఏం జరిగిందో ఎవరికీ సరిగా గుర్తులేదు. బావ భుజాల మీద తేలుతున్నాడు. డప్పు పగిలింది. మా ఇంటి బియ్యం డ్రమ్ముకు తమ్ముడిలా ఉన్న కప్పును బావ రెండు చేతులా పట్టుకున్నాడు.

ఇప్పుడు తరుగు తీసే పని నేనే చేస్తాను. ఒక్క కుర్చీకి ముగ్గురు వెళ్లిన మాట నిజం. మీసాలు నిజం, బూట్లు నిజం, మా ఆవిడ ఈల నిజం. బంతి నెట్టు మీద ఆగడం కూడా నిజమే. అవతల పడిందన్నదే నా కల్పన. ఇవతల పడింది, బావ పాదాల ముందు. కప్పు ఇల్లందు వెళ్లింది.

స్మాషర్ తన బండిని వ్యాన్ మీద కట్టేసి మాతోనే ఎక్కాడు. బ్రిడ్జి మధ్యకు వచ్చేసరికి బావ నవ్వడం మొదలుపెట్టాడు. "ఒక్క కుర్చీకి ముగ్గురార? ముగ్గురు?" అని అడుగుతాడు, స్మాషర్ తొడ మీద చరుస్తాడు, మళ్లీ నవ్వుతాడు. ఆ నవ్వు మాకూ అంటుకుని అడవి దాటేదాకా ఆగలేదు.

నల్లగొండ వెళ్లేముందు, ఇదంతా రాస్తున్నానని చెబితే బావ నన్ను పక్కకు పిలిచాడు. "నువ్వు ఎట్లాగు చీమను ఏనుగు చేస్తవ్ గద బావా. ఆ బంతిని జరంత అటు జరుపు."

జరిపాను. జానెడే.