పిట్ట నెత్తురు, అవ్వ కాలు

మలేరియా స్లయిడ్లు చూసీ చూసీ నా కళ్లు అరిగిపోయాయి. నిజామాబాద్‌లో ఒక ఆసుపత్రి ల్యాబులో పని నాది. అందుకే, పిట్టల మీద పరిశోధన చేసే ఒక అమ్మాయి రుద్రూర్ అవతలి చెరువు జమ్ముగడ్డిలో పట్టిన పాటపిట్టల నెత్తురు చూసిపెట్టమంటే, ఇదెంత పని అనుకున్నాను.

మొదటి స్లయిడ్ మైక్రోస్కోపు కింద పెట్టాను. ప్రతి ఎర్రకణంలోనూ ఊదారంగు ముద్ద!

"అయ్యో, దీని పనైపోయింది పిల్లా. ఒక్క కణం గూడ మంచిగ లేదు" అన్నాను.

ఆ అమ్మాయి పడీపడీ నవ్వింది. "అక్కా, గవి పురుగులు కావు. పిట్టల ఎర్రకణాలల్ల నడుమ గింజ ఉంటది, న్యూక్లియస్. మనకు ఉండదు."

ఎప్పుడో చదివిందే. ఒళ్లు మండింది, నా మీదే. మళ్లీ కళ్లు చించుకుని చూస్తే, అక్కడక్కడా ఆ గింజను చుట్టుకుని ఇంకోటి కనిపించింది. అదీ అసలు పరాన్నజీవి. దోమలకన్నా చిన్న ఈగలు కుట్టి ఎక్కిస్తాయట. మనుషులకు రాదు.

ఇంటికొచ్చి అవ్వకు చెప్పాను. కన్నతల్లినే మేం అవ్వ అంటాం. ఆమెకు కుడికాలు బోదకాలు. మాత్రలతో జ్వరాలు ఆగాయి గానీ వాపు తగ్గలేదు. గడప దాటదు, చాట ముందేసుకుని బీడీలు చుడుతూ కూర్చుంటుంది. పెళ్లికి రమ్మన్నా, బతుకమ్మకు రమ్మన్నా ఒకటే మాట: "నా కాలును సూసేటందుకా?" ఇంట్లో కూడా చీర అంచు నేల ఊడవాల్సిందే. సబ్బుతో కడుగుతానన్నా ఆ కాలు ముట్టనివ్వదు. ఆ మొండితనానికి నాకు కోపం, కోపం వెనక ఏడుపు. ఆ నాలుగు గోడల మధ్యే ఆమె బతుకు ముగిసిపోతుందేమోనని భయం.

"మందేసిండ్రా దానికి?" అంది అవ్వ.

"లేదవ్వా. కాలికి నంబరున్న చిన్న కడియమేసి ఇడిసిపెట్టిండ్రు."

"సచ్చేదానికి కడియమెందుకు?" అని బీడీకి దారం బిగించింది. "నాకైతే ఇప్పుడు ఒక్క కాలికే పడ్తది."

ఎండలు ముదరగానే ఆ వలసపిట్టలు కొండలు దాటి ఉత్తరానికి వెళ్లిపోయాయి. అవ్వ మాత్రం మరిచిపోలేదు. అన్నం తింటూ, "నీ రోగం పిట్ట బతికున్నదా?" అనేది. నాకేం తెలుసని కసిరేదాన్ని.

వానలు తగ్గి, చెరుకు మనిషెత్తు దాటాక ఆ అమ్మాయి ఫోన్ చేసింది. అదే జమ్ము, అదే నంబరు కడియం. నెత్తురు చూశాను. పరాన్నజీవి అట్లాగే ఉంది, పిట్ట బరువూ బాగానే ఉంది. అన్నీ ఇట్లా నెగ్గుకురావట, కొన్ని నీరసించి పోతాయట. ఇది వచ్చింది. ల్యాబులోనే చిన్నపిల్లలా చప్పట్లు కొట్టాను.

చెప్పగానే అవ్వ చేతిలో బీడీ ఆకు ఆగిపోయింది. "పురుగు పోయిందా?"

"పోలే. ఉన్నది."

"ఉండంగనే గన్ని కొండలు దాటి పోయొచ్చిందా?"

"వచ్చింది."

అవ్వ చాట పక్కకు జరిపింది. "నాకు సూపిస్తవా?"

ఆదివారం ఆటోలో వెళ్లాం. చెరుకుతోట దాటితే జమ్ము, మధ్యలో పాదం మునిగే కాలువ. పక్క మడిలో పనిచేస్తున్న ఆడవాళ్లు మా వైపే చూస్తున్నారు. అవ్వ సంగతి తెలిసినదాన్ని కదా, "గిక్కడ్నుంచే సూద్దాం" అన్నాను. జమ్ములో ఎక్కడో టక్ టక్ మని వినిపించింది. మన పిట్టో, ఇంకో పిట్టో.

"గీడికెళ్లి ఏం కనవడ్తది?" అని అవ్వ చీర అంచు మోకాళ్లదాకా ఎత్తి నడుముకు దోపుకుంది. ఆ ఆడవాళ్ల ముందే, పట్టపగలు, రెండు కాళ్లతో కాలువలోకి దిగింది.

"నడువు బిడ్డా. ఇంటికి పోయినంక సబ్బుతోని ఈ కాలు నువ్వే కడుగుదువుగని."