జిదాఫ్స్ మార్కెట్లో రెండో పలక

రిటైరవడానికి ముందు ఏడాది చలికాలంలో జిదాఫ్స్ మార్కెట్లోని ఒక ఇత్తడి పలక పని నాకు అప్పగించారు. అప్పట్లో నేను బహ్రెయిన్‌లో బోర్డులు, స్మారక పలకలు తయారుచేసే వర్క్‌షాపులో ప్రొడక్షన్ మేనేజర్‌ని. ఎప్పుడో ఒక యుద్ధం ముగిశాక సర్కారు ప్రజల దగ్గర అప్పు అడిగితే ఈ ఊరి వర్తకులు ధారాళంగా ఇచ్చారని ఆ పలక మీద రాసి ఉంది. అక్షరాలు బాగా అరిగిపోవడంతో అచ్చం అలాంటిదే కొత్తది చెయ్యమన్నారు.

మా పనిలో నకలు అంటే నకలే. ముందు పాత పలక మీద కాగితం పరిచి, సీసపు కడ్డీతో రుద్ది అచ్చు తీస్తాం. దాని మీద పని అప్పగించిన మునిసిపల్ ఆఫీసు ఇంజనీరు సంతకం పెట్టాక ఒక్క చుక్క మారినా బిల్లు పాస్ కాదు.

సంతకమైన మర్నాడే ఆ ఊరి పెద్దావిడ ఉమ్మ్ హసన్ వర్క్‌షాపుకు వచ్చింది. ఆ అప్పు కోసం తన తల్లి చేతి గాజులు తీసి ఇచ్చిందనీ, ఊళ్ళో ఆడవాళ్ళు ఇంకా చాలామంది ఇచ్చారనీ, పలక మీద మాత్రం వర్తకులే మిగిలారనీ వచ్చీరాని హిందీలో చెప్పింది. తాను కన్నుమూసేలోగా వాళ్ళకోసం ఒక్క వరుస చేర్చమంది. నాకు చిరాకేసింది. ఆవిడ మీద కాదు, ఆవిడ మాట సబబుగా ఉన్నందుకు.

అక్షరాలు చెక్కే లచ్చన్నది జగిత్యాల. "ఒక్క లైనే గద సార్, చెక్కితే ఏమైతది?" అన్నాడు.

"మనిద్దరి డ్యూటీ ఖలాస్ అవుతుంది," అన్నాను.

అయినా మనసొప్పలేదు. నకలు జోలికి పోకుండా, దాని కింద చిన్న పలక పెట్టడానికి వేరే అర్జీ తయారుచేశాను. వర్తకుల వారసులు అభ్యంతరం లేదంటేనే ఆఫీసు ఒప్పుకుంటుంది. వాళ్ళలో పెద్దాయనకు అదే మార్కెట్లో బట్టల కొట్టు ఉంది. కోప్పడి పంపేస్తాడేమోనని బెదురుతూనే ఉమ్మ్ హసన్‌తో కలిసి వెళ్ళాను. ఆయన టీ తెప్పించి, అంతా విని నవ్వాడు. బంగారం మోసుకెళ్ళింది తమ నాన్నేగానీ ఇచ్చింది ఇళ్ళల్లోని ఆడవాళ్ళేనని చెప్పి, అక్కడికక్కడే సంతకం పెట్టాడు.

రెండు పలకలూ ఒకేరోజు బిగించాం. ఉమ్మ్ హసన్ ఆ కొత్త వరుసను పైకి చదివి, పలక మూలనున్న మరమేకును వేలితో తాకి చూసి, "ఇంకొంచెం గట్టిగా, భాయ్," అంది లచ్చన్నతో. నా ఉద్యోగంలో అంత సంతోషంగా బిల్లు రాసిన రోజు మరొకటి లేదు.

పాత రాతను దిద్దుతామంటే ఎవరో ఒకరు అడ్డుపడతారు, పక్కన కాస్త చోటడిగితే ఇస్తారు. రిటైరయ్యేదాకా నా చేతికొచ్చిన ప్రతి నకలు కిందా గోడ మీద జానెడు ఖాళీ వదిలించాను.