జసింత టీచరు చేతి నుంచి నేను తీసుకోని లడ్డు

రెంటచింతలలో మా జీవశాస్త్ర గురువు జసింత టీచరు ప్రభువునందు నిద్రించారని సోమవారం ఫోను వచ్చింది. నరసరావుపేట బడిలో పాఠం చెబుతున్నదాన్ని మధ్యలో ఆపి కుర్చీలో కూలబడ్డాను. "ఏందండీ మేడమ్, ఏమైంది?" అన్నారు పిల్లలు.

టీచరు అవివాహిత, ఏకాకి. ముంజేతులనిండా బొల్లి మచ్చలు. అది అంటువ్యాధి కాదని ఊరికి ఎన్నిసార్లు చెప్పినా గోడకు చెప్పినట్టే.

ఆమె బోధన అనన్యసామాన్యం. "మిరపకాయలు తుంచితే చెయ్యి ఎందుకు మండుద్దే?" అని నన్ను లేపారొకసారి. "కారం కదా టీచర్" అన్నాను. "కారం కాయలో ఉంటే మంట నీ చేతిలో ఎట్టా పుట్టింది? ఆ రసాయనాన్ని పట్టుకునేది నీ చర్మంలో ఉంది గనకే మంట. లేకపోతే గొడ్డుకారమైనా నీకు మట్టే!"

తరవాత తన చెయ్యే చాపి చూపించారు. "ఎండ తగిలితే పైకణాలు పక్కనున్న రంగుకణానికి రసాయనంతో కబురు చేస్తయ్, రంగు పంపి కాపాడమని. నా మచ్చల్లో కబురు చేసేవాళ్ళు చానామంది ఉన్నారు. అందుకునేవాళ్ళే పోయినారు" అని నవ్వారు. మేమూ నవ్వాం, బుద్ధిలేనివాళ్ళం.

ఆ పాఠం మీద పెట్టిన పరీక్షలో నాకు నూటికి నూరు వచ్చాయి. ఆనందంతో ఆమె స్వహస్తాలతో చేసిన రవ్వలడ్డు తెచ్చి, "తీసుకోవే" అని అందించారు. నా చేయి దానంతటదే వెనక్కి పోయింది. "అట్టాగా తల్లీ" అని లడ్డును బల్ల మీద పెట్టి, కిటికీవైపు తిరిగారు.

మర్నాటినుంచి సుద్దముక్కయినా, దిద్దిన పుస్తకమైనా బల్ల మీద పెట్టి రెండడుగులు పక్కకు జరిగేవారు. అది టీచరు అలవాటనుకున్నారందరూ. కారణం నాకొక్కదానికే తెలుసు. క్షమించమని ఒక్క మాట అడగడానికి ఇరవై ఏళ్ళు చాలలేదు నాకు, ఛీ!

పోయిన నెల తనే ఫోను చేశారు. "ఏమే, ఒకసారి వచ్చిపోరాదూ. మాట్లాడేవాళ్ళు లేక నోరు ఎండిపోతంది." వచ్చేవారం వస్తానన్నాను. వెళ్ళలేదు.

చివరిచూపుకు వెళ్ళాను. అందరూ చేతులు జోడించి దూరంగా నిలబడ్డారు. నేను పెట్టె దగ్గరకు వెళ్ళి ఆమె చేయి నా రెండు చేతుల్లోకి తీసుకున్నాను. వెనకనుంచి ఒక పెద్దామె, "అమ్మాయ్, ఆ మచ్చలు తాకావు, సబ్బుతో కడుక్కో" అంది. కడుక్కోలేదు.

అటువంటి గురువు మళ్ళీ లభించరు. ఆ మహనీయురాలికి శిరస్సు వంచి నమస్కరిస్తున్నాను. కానీ ఆ చేయి వెచ్చగా ఉన్నప్పుడు పట్టుకోవలసింది. ఇప్పుడు పట్టుకున్నందువల్ల ఆమెకు ఒరిగిందేమీ లేదు.