వేసవి రీడింగులు

ప్రొద్దుటూరు కరెంటాఫీసులో జూనియర్ ఇంజనీరు సిరాజుద్దీన్‌కు ఎం.ఇ. చదవాలని కోరిక. తాతా తండ్రీ దర్జీలు. ఆ ఇంట్లో బి.ఇ. దాకా వచ్చినవాడు అతనొక్కడే. 1960లో మద్రాసు కాలేజీ నుంచి నిబంధనల కాగితం తెప్పించి, భార్య దిల్షాద్‌బీకి చదివి వినిపించాడు. బి.ఇ.లో సెకండ్ క్లాసు ఉండాలి, ఉంది. రెండేళ్ల ఉద్యోగం ఉండాలి, నాలుగేళ్లయింది. శాఖ అనుమతి కావాలి. ఏడాది క్లాసులో కూర్చుని ఎనిమిది పేపర్లు గట్టెక్కాలి. ఆపైన సొంతంగా పరిశోధన చేసి థీసిస్ రాయాలి. చివర బయటి నుంచి వచ్చే పరీక్షకుడికి జవాబులు చెప్పాలి.

వీటిలో మీకు చేతకానిది ఏదీ లేదే అంది దిల్షాద్‌బీ.

అనుమతికే ఎనిమిది నెలలు పట్టింది. మద్రాసులో పేపర్లన్నీ పాసై, పరిశోధనకు మళ్లీ ప్రొద్దుటూరే వచ్చాడు. తన నేలనే విషయంగా తీసుకున్నాడు. ట్రాన్స్‌ఫార్మర్ దగ్గర ఎర్తు గుంత తవ్వి, తీగను భూమిలోకి దింపుతారు. కింద నాపరాయి, పైన ఎండ. వేసవిలో నేల ఎండిపోతే ఆ ఎర్తు పనిచేయక జనానికి షాకులు కొడతాయి. ప్రొద్దుటూరు, జమ్మలమడుగు, పులివెందుల గుంతల్లో నేల కరెంటుకు ఎంత అడ్డుపడుతోందో పదిహేను రోజులకొకసారి, ఏడాది పొడుగునా కొలవాలి. అంకె ఎంత తక్కువైతే ఎర్తు అంత మంచిది. ఆ కొలత తీసే, చేత్తో పిడి తిప్పే మెగ్గర్ పెట్టె మోసుకుంటూ లైన్‌మన్ మౌలాలి అతని వెంట తిరిగేవాడు.

1963 మే నెలలో సిరాజుద్దీన్‌కు టైఫాయిడ్ వచ్చింది. జమ్మలమడుగు ఆస్పత్రిలో మూడు వారాలు పడుకున్నాడు. జ్వరం కన్నా మే నెల పోతోందన్న దిగులే ఎక్కువైంది. ముఖ్యమైన కొలతలు అవే. తప్పితే ఇంకో ఏడాది ఆగాలి.

కళ్లు తెరిచి కూర్చోగలిగిన రోజున మౌలాలి వచ్చి, మంచం మీద నోటుపుస్తకం పెట్టాడు.

"నీకు జొరమొచ్చిందని ఎండలు ఆగుతాయా సార్? నేనే మూడూర్లూ తిరిగి రాసుకొచ్చినా. రోజూ చూస్తాండేదే గదా, ఆ పిడి తిప్పేది నాకు రాదా?"

సిరాజుద్దీన్ ఆత్రంగా అంకెలు చూశాడు. ఒకచోట ఆగిపోయాడు.

"పులివెందులలో ఇంత తక్కువేంది మౌలాలన్నా? సూది సరిగ్గా చూసినావా?"

"రెండుసార్లు చూసినా. ఆడ ఎంకటసుబ్బమ్మ ఎనుమును గుంత పక్కనే కట్టేస్తాంది సార్. నేల ఎప్పుడూ తడే. అదీ రాసినా, కింద చూడు."

ఆ గేదె మూత్రంలోని తడీ ఉప్పూ చేసిన పని అది. జ్వరం వచ్చాక సిరాజుద్దీన్ నవ్వింది అప్పుడే.

కాళ్లకు బలం రాగానే పులివెందుల పోయాడు. ఎనుమును నెల రోజులు వేరేచోట కట్టమని అడిగాడు.

"నా ఎనుము మీ కరెంటును ఏం జేసిందప్పా?" అంది వెంకటసుబ్బమ్మ.

"మేలే చేసిందమ్మా. ఎంత మేలో కొలవాల."

"అట్లయితే నీడ చూపీ, కట్టేస్తా."

మౌలాలి అవతల చిన్న పందిరి వేశాడు. ఆ ఏడు జూలై దాకా చినుకు లేదు. గుంత ఎండింది, అంకె మూడింతలైంది.

థీసిస్ పూర్తయ్యాక ఒక చిక్కు వచ్చింది. కొలతలన్నీ తానే తీశానని ధ్రువపత్రం మీద సంతకం చేయాలి. అబద్ధం రాయడానికి చేయి రాలేదు. మద్రాసులో తన థీసిస్ చూసే ప్రొఫెసరుకు ఉన్నది ఉన్నట్టు ఉత్తరం రాసి, వారం రోజులు అన్నం సహించక తిరిగాడు. జవాబు వచ్చింది: మే కొలతల కింద ఆ లైన్‌మన్ పేరు వేసి, మిగతా వాటికి సంతకం చేయవచ్చు.

మద్రాసులో పరీక్షకుడు సరిగ్గా పులివెందుల మే కొలత ఉన్న పేజీయే తెరిచాడు. లైన్‌మన్ పొరపాటు పడ్డాడేమో అన్నాడు. సిరాజుద్దీన్ ఎనుము సంగతి, పందిరి సంగతి, జూలై కొలత చెప్పాడు. ఆయన కళ్లజోడు తీసి నవ్వాడు. వేసవిలో గుంతల్లో ఉప్పునీళ్లు పోయించాలని థీసిస్ చివర మీరు రాసిన సలహాను మీ శాఖకు పంపండి అన్నాడు.

డిగ్రీ వచ్చింది. బైండు చేసిన థీసిస్‌లో ఆ పేజీ తీసి చూపిస్తే, మౌలాలి ఇంగ్లీషు అక్షరాల మీద వేలు పెట్టాడు.

"ఇది నేనేనా సార్?"

"నువ్వే."

దిల్షాద్‌బీ లోపలి నుంచి అన్నానికి పిలిచింది. మౌలాలి చేతులు కడుక్కోవడానికి లేచాడు గానీ, పుస్తకం మూయనివ్వలేదు.