మామ పది వేళ్ళు

మా మామ పోయాడు. మా అమ్మకు తమ్ముడు. తిరుత్తణిలో కొండ కింది వీధిలో ఉండేవాడు. తమిళుల ఆడి నెలలో వచ్చే కృత్తిక పండగకు ఇంకా రెండు వారాలుండగా, ఒక సోమవారం పొద్దున నేను తిరువళ్ళూరు బడిలో ఏడో తరగతికి తెలుగు పాఠం చెప్తుంటే అత్త ఫోన్ చేసింది. పాఠం మధ్యలో నేను ఫోన్ ఎత్తను. ఆగకుండా రెండోసారి మోగేసరికి ఎత్తాను. "మీ మామ కాఫీకి లేవలేదురా," అంది అత్త. నేను రైలెక్కి కూర్చున్నాక చూసుకుంటే సుద్దముక్క ఇంకా చేతిలోనే ఉంది.

పోయినవాళ్ళ గురించి రాసేటప్పుడు అందరికీ మంచి గుణాలే గుర్తొస్తాయి. నేను మాత్రం నిజమే రాస్తాను. మామ మొండివాడు. వీధిలో ఆయనతో ఒక్కసారైనా గొడవపడని మనిషి లేడు. ఆయన నోట మంచి మాట వినాలంటే ముందు నాలుగు తిట్లు తినాలి. ఆ తిట్లు తిన్నవాళ్ళలో ముందు వరసలో ఉండేది నేనే. కాబట్టి ఆయన గురించి చెప్పే హక్కు నాకుంది.

ముప్పై ఏళ్ళకు పైగా గుమ్మిడిపూండిలో ఒక ఫ్యాక్టరీలో మిషన్ల మీద పనిచేశాడు. వారమంతా అక్కడే చిన్న గది, ఆదివారం ఇల్లు. చేరిన కొత్తలో పక్క మిషన్ మీద పనిచేసే మనిషి చేతికి తొడుగు వేసుకుని డ్రిల్లింగ్ మిషన్ దగ్గరికి పోయాడు. తొడుగు చేతిని కాపాడుతుందని మనమంతా అనుకుంటాం. తిరిగే బిట్టుకు, అంటే బెజ్జం తొలిచే ఇనప మొనకు, దాని అంచు చిక్కితే, తొడుగుతో పాటు చేయి కూడా లోపలికి పోతుంది. ఆ మనిషికి రెండు వేళ్ళు పోయాయి. ఆ ఆదివారం మామ ఇంటికొచ్చి ఈ సంగతి చెప్తే, అత్త ఆయన రెండు చేతులూ తన ఒళ్ళోకి లాక్కుని, ఒక్కొక్క వేలూ ముట్టుకుంటూ లెక్కపెట్టింది. "పది," అని, ఆ తర్వాతే కాఫీ ఇచ్చింది. అదొక అలవాటైపోయింది. వచ్చే ఆదివారం కూడా పది వేళ్ళతో వస్తానని మామ మాట ఇవ్వడం, అత్త లెక్క చూసి గ్లాసు చేతికివ్వడం. ఆయన జీవితంలో ఇంకే మాటైనా తప్పాడేమో గానీ ఈ మాట తప్పలేదు.

రిటైరయ్యాక ఊరికే ఉండలేకపోయాడు. ఫ్యాక్టరీవాళ్ళు పాతదని పక్కన పడేసిన డ్రిల్లింగ్ మిషన్ ఒకదాన్ని చిన్న లారీలో వేసుకుని ఇంటికి తెచ్చాడు. మనం చేత్తో పట్టుకుని గోడకు బెజ్జం వేసుకునే రకం కాదు. మనిషెత్తు ఇనప స్తంభం, నడుమెత్తున బల్ల, పైన తిరిగే బిట్టు, పక్కన పిడి. పిడి తిప్పితే బిట్టు కిందికి దిగుతుంది. పెరటి షెడ్డులో నేల తవ్వించి, కాంక్రీటు పోయించి, దాన్ని బోల్టులతో బిగించాడు. ఆ తర్వాత పన్నెండు రోజులు కాంక్రీటుకు నీళ్ళు పోస్తూ కూర్చున్నాడే గానీ స్విచ్ మీద చేయి వెయ్యలేదు. "ఏమి మామా, మిషన్‌కు పురుడా?" అని నేను ఎగతాళి చేశాను. "కాళ్ళు గట్టిపడినాంకనే నడవాల. నువ్వు సుమ్మా ఉండు," అన్నాడు. సుమ్మా అంటే మా వైపు ఊరికే అని.

అత్త ఒప్పుకున్నది మాత్రం ఒకే షరతు మీద. ఇకమీదట లెక్క వారానికొకసారి కాదు, రోజూ చూపించాలి. సాయంత్రం పని ఆపి, చేతులు కడుక్కుని, మామ వంటింటి గడపలో నిలబడి రెండు అరచేతులూ విప్పి చూపించేవాడు. అత్త పొయ్యి మీది నుంచి కళ్ళు తిప్పి చూసి "పది" అనేది. అప్పుడే కాఫీ.

ఆ షెడ్డులో మామ ఎక్కువగా చేసింది కావళ్ళు, కొండ మీది స్వామికి మొక్కుకుని భుజాన మోసేవి. ఆడి కృత్తికకు తిరుత్తణి కొండకు వచ్చే జనం సంగతి నేను చెప్పనక్కర్లేదు. కావడి అడుగుపలకకు బెజ్జాలు కావాలి. వంపు బద్ద రెండు కొసలూ వాటిలోనే దిగాలి, నెమలీకల కట్టలూ వాటిలోనే నిలబడాలి. మా వైపు చాలామందికి తమ కావడి తమ చేత్తోనే చేసుకుంటామని మొక్కు ఉంటుంది. మొక్కుకున్నవాళ్ళు ఎలా వస్తారు? మణికట్టుకు పసుపు నూలు, మేము దాన్ని కాపు అంటాం, మొక్కు తీరేదాకా విప్పకూడదు. మెడలో మాల, నడుముకు వదులుగా పసుపు పంచె, భుజం మీద తుండు. తిరిగే మిషన్ ముందుకు ఎలా రాకూడదో సరిగ్గా అలాగే.

నేనూ అలాగే వచ్చాను. మా అమ్మాయికి అయిదేళ్ళప్పుడు విషజ్వరం పట్టుకుంది. పదకొండు రోజులు ఆస్పత్రిలో ఉంచాం. బతికితే నా చేత్తో కావడి చేసి, ఎత్తుకుని కొండెక్కుతానని స్వామికి చెప్పుకున్నాను. బతికింది. కాపు కట్టుకుని, పలక చంకన పెట్టుకుని మామ షెడ్డుకు పోయాను. ఆయన నా మొహం చూడలేదు, మణికట్టు చూశాడు.

"తిరిగేదాని దగ్గర యాలాడేది ఉండగూడదు. కాపు విప్పు, ల్యాదా పలక ఆడ పెట్టి పో. నేను ఏసి పెడతా."

"కాపు విప్పకూడదు గదా మామా. నా చేత్తోనే చేస్తానని మొక్కుకున్నాను."

"మిషన్‌కు నీ మొక్కు తెలీదురా."

ఆ మాట నా గుండెకు తగిలింది. కూతురు దక్కిన సంతోషంలో ఉన్నవాడికి మొక్కును తేలిక చేసినట్టే వినిపించింది. నోటికొచ్చినట్టు తిట్టి, బయటికి వచ్చేశాను. పలక అక్కడే ఉండిపోయింది.

మరుసటి రోజు మధ్యాహ్నం మామ భోంచేసి నడుం వాల్చే వేళ చూసి మళ్ళీ పోయాను. తెలివైనవాణ్ణి గదా, కాపు మీద జేబురుమాలు చుట్టుకుని ముడి వేసుకున్నాను. విప్పనూ లేదు, వేలాడనూ లేదు, దేవుడికీ న్యాయం, మిషన్‌కూ న్యాయం అనుకున్నాను. వేలాడేదాని మీద ఇంకొక వేలాడేదాన్ని కట్టుకున్నానని ఆ తెలివికి తోచలేదు. పైగా పలకను బల్ల మీది వైసులో, కదలకుండా కరిచిపట్టే ఆ ఇనప దవడల్లో, బిగించకుండా ఎడమచేత్తో అదిమిపట్టుకుని స్విచ్ వేశాను. బిట్టు పలకను తాకీ తాకకముందే మిషన్ మూలుగుతూ నెమ్మదించి ఆగిపోయింది. కరెంటు పోయిందనుకున్నాను.

కరెంటు పోలేదు. తలుపు దగ్గర మామ నిలబడి ఉన్నాడు. నన్ను చూసి అరవలేదు. వరండాకు పోయి, ఇంటి మెయిన్ ఆపేసి వచ్చాడు. ఎందుకు అరవలేదని చాలా కాలం తర్వాత అడిగితే, "అరిస్తే ఉలికిపడతావు. ఉలికిపడినోని చెయ్యి యాడికి పోతుందో వానికే తెలీదు," అన్నాడు. అంత కోపంలోనూ ఆయనకు అది గుర్తుంది. నాకు ఈ రోజుకూ ఆశ్చర్యమే.

ముందు నా చేత మిషన్ స్విచ్ ఆపించాడు. ప్లగ్గు పీకించాడు. తర్వాత వంటింట్లోకి పోయి, అత్త రాత్రి సాంబారుకు తీసిపెట్టుకున్న ఒకే ఒక్క మునక్కాయను పట్టుకొచ్చాడు. దానికి నా కాపు లాంటి పసుపు నూలు కట్టి, నూలు కొసను బిట్టుకు ఒక్క చుట్టు వదులుగా చుట్టాడు. మునక్కాయను బల్ల మీద పెట్టాడు. ప్లగ్గు పెట్టి, మిషన్ స్విచ్ వేసి, నన్ను వరండాలో మెయిన్ దగ్గరికి లాక్కుపోయాడు. అక్కడి నుంచి షెడ్డు లోపల అంతా కనిపిస్తుంది. "చూడు. ఇది నీ చెయ్యి," అని మెయిన్ వేశాడు.

టప్‌మని ఒకే ఒక్క చప్పుడు. రెప్ప వేస్తే చూసేవాణ్ణి కాదు. మునక్కాయలో ఒక ముక్క గోడకు కొట్టుకుని కింద పడింది, ఇంకొక ముక్క బిట్టుకు చుట్టుకుని గిరగిరా తిరుగుతూ ఉంది. మామ మెయిన్ ఆపాడు. అత్త వచ్చి గోడ దగ్గరి ముక్కను చూసింది, నన్ను చూసింది, లోపలికి పోయింది. ఆ రాత్రి సాంబారులో మునక్కాయ లేదు.

అప్పుడు మామ అటక మీది నుంచి ఒక వస్తువు దించాడు. చేత్తో తిప్పే పాతకాలపు డ్రిల్లు, పక్కన పళ్ళచక్రం, దానికి పిడి. పలకను బల్ల వైసులో ఆయనే బిగించి, డ్రిల్లు నా చేతికిచ్చాడు.

"ఎనిమిది బొక్కలు. నీ చేత్తోనే తిప్పు. మొక్కు నీది గదా."

"ఇట్లయితే రెండు రోజులు పడుతుంది మామా."

"పట్టనీ. స్వామికి తొందర ల్యాదు. నీకేమిరా తొందర?"

రెండు రోజులే పట్టింది. అరచేతులు బొబ్బలెక్కాయి. ఆ కావడితోనే కొండెక్కాను. మొక్కును తేలిక చేశాడని నేను తిట్టిన మనిషే, ఆ మొక్కు పొల్లుపోకుండా తీరే దారి చూపించాడు. ఈ మాట ఆయన ఉండగా ఆయన ముఖం మీద ఒక్కసారీ చెప్పలేదు. ఇప్పుడు చెప్తున్నాను.

మరుసటి ఏడు నుంచి మా వీధిలో వరస మారింది. ముందు బెజ్జాలు, తర్వాత కాపు. మొక్కు ఉన్నవాళ్ళు కాపు కట్టించుకునే ముందు రోజే పలకతో మామ దగ్గరికి రావాలి. మాల తీసి మేకుకు తగిలించాలి, పంచె ఎగ్గట్టి బిగించాలి, తుండు గడప బయటే వదలాలి. ఉంగరం, గడియారం కూడా. ఆడవాళ్ళయితే జడ ముడివేసి, కొంగు దోపి, గాజులు తీసి రావాలి. మొదట్లో గొణిగారు. ఇప్పుడు మా వీధి పిల్లలకు అదే శాస్త్రం.

ఆ తర్వాత నేనూ ఆ మిషన్ మీద పని నేర్చుకున్నాను, కాపు లేని రోజుల్లో. బిట్టును పట్టుకునే చక్కుకు ఒక తాళంచెవి ఉంటుంది, దాన్ని చక్కులోనే మరిచిపోయి స్విచ్ వేస్తే రాయిలా ఎగిరొస్తుంది. మామ ఆ తాళంచెవిని ప్లగ్గు పక్కనే వైరుకు కట్టేశాడు. బిట్టు మార్చాలంటే ప్లగ్గు పీకక తప్పదు. మరిచిపోదామన్నా మరిచిపోలేం. కంటికి అద్దాలు లేకుండా ఎవరినీ మిషన్ ముందు నిలబడనిచ్చేవాడు కాదు. పొట్టును చేత్తో తుడవబోతే మణికట్టు మీద బ్రష్షుతో ఒక్కటి వేసి, ఆ బ్రష్షే చేతికిచ్చేవాడు. పలక కింద ఎప్పుడూ ఒక పనికిరాని చెక్క పెట్టేవాడు. బిట్టు అవతలికి దిగే ఆఖరి క్షణంలో పిడి మీది బరువు తగ్గించేవాడు. "మొదట్లో అందరూ జాగర్తగానే ఉంటారు. అయిపోయిందనుకునేటప్పుడే లాగుతుంది. ఆడ పొరుమై కావాల, ఓర్పు కావాల," అనేవాడు. పలక వైసులోంచి జారి తిరగడం మొదలుపెడితే పట్టుకోబోవద్దు, చేతులు వెనక్కి తీసి స్విచ్ ఆపు, పలక పోతే పలక వస్తుంది అనేవాడు. నేను పాఠం చెప్పేటప్పుడు ఇంత శ్రద్ధ ఎప్పుడైనా పెట్టానా అని ఆలోచిస్తుంటాను.

సోమవారం నేను తిరుత్తణి చేరేసరికి వీధి నిండా జనం. మామకు పిల్లలు లేరు. చేయవలసినవన్నీ నేనే చేయాలని పెద్దలు ముందే నిర్ణయించేశారు. మామను హాల్లో పడుకోబెట్టారు. మన పద్ధతి ప్రకారం కాలి బొటనవేళ్ళు రెండూ కలిపి, చేతి బొటనవేళ్ళు రెండూ కలిపి తెల్లనూలుతో కట్టారు. వేళ్ళు ఒకదాని కింద ఒకటి ముడుచుకుని ఉన్నాయి.

అత్త ఏడవడం లేదు. ఆ చేతుల వంకే చూస్తోంది. నేను పక్కన కూర్చోగానే నా చొక్కా పట్టుకుంది.

"నిన్న నేను పెరియపాళయం అమ్మ గుడికి పోయి వస్తిని గదరా. ఆడి ఆదివారం, బస్సులన్నీ కిక్కిరిసి, వచ్చేసరికి ఆలస్యమై పోయింది. వచ్చి చూస్తే పడుకోనుండాడు. పగలంతా షెడ్డులో పని చేసినాడంట. నిన్న లెక్క చూడలేదురా నేను. నిన్న ఒక్క దినం."

నేను లేచి, మామ చేతుల ముడి మీద చేయి వేశాను.

"ఆగు నాయనా," అన్నాడు వీధి పెద్దాయన. "అది కాట్లోనే విప్పాల. ఇంట్లో విప్పగూడదు."

ఏ నూలు ఎప్పుడు విప్పాలో, ఎప్పుడు విప్పకూడదో అన్న గొడవ ఒకప్పుడు నేనూ ఈ ఇంట్లోనే పడ్డాను. విప్పకూడదని ఇప్పుడు పెద్దాయన అంటున్నట్టే, అప్పుడు నేను అన్నాను. "తాతా, మళ్ళా కడతాను. మా అత్త ఒకసారి చూడాల," అన్నాను. ఆయన అత్త మొహం చూసి, పక్కకు జరిగాడు.

ముడి బిగుసుకుపోయి ఉంది. ఎవరో బ్లేడు అందించారు. ఆ చేతుల దగ్గరికి బ్లేడు తేవాలనిపించలేదు. గోటితో, నెమ్మదిగా విప్పాను. వేళ్ళు చల్లగా, బిర్రుగా ఉన్నాయి. గోళ్ళ అంచుల్లో ఇంకా చమురు నలుపు ఉంది. ఒక్కొక్క వేలూ తెరిచి, రెండు అరచేతులూ అత్త వైపు తిప్పి పట్టుకున్నాను.

అత్త గడపలో నిలబడి చూసినట్టు చూడలేదు. ఆ మొదటి ఆదివారం చూసినట్టు, ఒక్కొక్క వేలూ ముట్టుకుంటూ లెక్కపెట్టింది.

"పది," అంది.

పక్కింటివాళ్ళు ఆమె కోసం పంపిన కాఫీ గ్లాసు అక్కడే నేల మీద ఉంది. దాన్ని తీసి మామ కుడిచేతి పక్కన పెట్టింది. ఆవిరి లేస్తోంది. పెద్దాయన నూలు చేతిలో పట్టుకుని, ఆ కాఫీ చల్లారేదాకా ఆగాడు.