సగం టీచరమ్మ

బడిపిల్లలు చాటుగా మా అమ్మని సగం టీచరమ్మ అనేవాళ్ళు. పెట్టెలోంచి సుద్దముక్క తియ్యగానే ఫట్‌మని రెండు చేసేది. నిండు ముక్కతో రాస్తే బోర్డు మీద కీచుమంటుందనీ, పొట్టి ముక్క కిక్కురుమనదనీ చెప్పేది. అది నిజమే. కానీ మా ఇంట్లో కీచుమనని వస్తువులు కూడా సగమయ్యేవి. ఒంటి సబ్బు, రబ్బరు, దోమల కాయిల్, ఆఖరికి పాత దుప్పటి కూడా. కొత్త పెన్సిలు ఒకటి తెచ్చి, ఆక్సాబ్లేడుతో నడిమికి కోసి, అన్నయ్యకో ముక్క, నాకో ముక్క ఇచ్చేది.

"ఏదో ఒకరోజు మా ఇద్దర్నీ కూడా కోసేస్తావమ్మా" అన్నాడొకసారి అన్నయ్య.

"కోస్తే నలుగురవుతారు. నలుగురికీ వండిపెట్టాల్సింది నేనే. నోర్మూసుకుని రాయి."

నాకు మూడేళ్ళప్పుడు నాన్న రోడ్డు ప్రమాదంలో పోయాడు. అప్పటినుంచి అమ్మ ఒక్కతే. ఆ ఇంట్లో ఏ పనికైనా రెండు చేతులే ఉండేవి కాబట్టి, ఏ వస్తువైనా రెట్టింపు రోజులు రావాలని పట్టుబట్టేదేమో. అలా అని చదువు విషయంలో సగంతో సరిపెట్టుకోనిచ్చేది కాదు. పదో తరగతి తర్వాత సైన్సు చెప్పే కాలేజీ దూరమనీ, ఆ టైముకి బస్సు లేదనీ నేను ఏడుస్తూ కూర్చుంటే, మొదటి వారం రోజులూ నాతోపాటు కాలేజీ గేటు దాకా నడిచి, అక్కణ్ణించి వెనక్కి నడిచి తన బడికి మొదటి గంట కొట్టేలోపు చేరింది. ఎనిమిదో రోజు "దారి తెలిసిందిగా, ఇక నీ కాళ్ళు నీవి" అని చెప్పి తలుపేసుకుంది. ఆ దారినే నడిచి కెమిస్ట్రీ చదివాను. మందుల ఫ్యాక్టరీలో ఉద్యోగం వచ్చింది. మాత్ర నీళ్ళలో ఎంతసేపటికి, ఎంతెంత చొప్పున కరుగుతుందో గాజు పాత్రల్లో వేసి కొలవడం నా పని.

అమ్మకి బీపీ ఉందని తేలి ఆరేళ్ళయింది. రోజూ పొద్దున్నే ఫోన్ చేసేదాన్ని. "బిళ్ళ వేసుకున్నావా?" "వేసుకున్నానే తల్లీ." అంతటితో నా బాధ్యత తీరిపోయేది. రెండేళ్ళుగా పది గంటల క్లాసులో కళ్ళు తిరుగుతున్నాయని అప్పుడప్పుడు చెప్పేది. పొద్దున ఏమైనా తిని వెళ్ళమనేదాన్ని. ఆ మధ్యలోనే నాకు కడుపు, తర్వాత పాప. పాప జ్వరం మందుని సిరంజిలో గీత దాకా పోసి, దీపానికి అడ్డంపెట్టి చూసి, మళ్ళీ చూసి పట్టేదాన్ని. అమ్మ వచ్చినప్పుడు అది చూసి నవ్వేది. "పిల్లని పెంచుతున్నావా, ప్రయోగం చేస్తున్నావా?"

పాపకి ఎనిమిదో నెల వచ్చినప్పుడు, రెండో పీరియడ్‌లో భాగహారం చెబుతూ అమ్మ బల్ల పట్టుకుని కిందికి జారిపోయింది. ఆసుపత్రికి వెళ్ళేసరికి కుడి చెయ్యి, కుడి కాలు లేవడం లేదు, పక్షవాతమన్నారు. మాట ముద్దగా వస్తోంది. బుర్ర మాత్రం ఎప్పటిలాగే ఉంది. నర్సు మందుల చీటీలో తేదీ తప్పు రాస్తే పట్టుకుంది.

నాలుగో రోజు బట్టల కోసం అమ్మ ఇంటికి వెళ్ళాను. అలమారలో పాత కళ్ళజోడు పెట్టె తెరిస్తే బీపీ మాత్రల సగాలు. బ్లేడుతో నున్నగా, సమంగా కోసినవి. పక్కనే ఉన్న మాత్రల అట్ట వెనక్కి తిప్పి పేరు చదివాను.

అది రోజంతా కొద్దికొద్దిగా మందు వదిలే మాత్ర. అలా వదలడానికే దాని మీద పూత. కోస్తే ఆ పూత ఎందుకూ పనికిరాదు. ఉన్న మందంతా ఒక్కసారే ఒంట్లోకి దిగిపోతుంది. పొద్దున పది గంటలకి బీపీ ధడేలున పడిపోతుంది. సాయంత్రానికి మందే మిగలదు, మళ్ళీ పైకి లేస్తుంది. ఇలా రోజూ. ఇది నేను పుస్తకంలో చదివింది కాదు. అలాంటి మాత్రల్నే కోసి, నీళ్ళలో వేసి, అంకెలు రాసుకున్నదాన్ని.

అమ్మకి చెప్పాలి. చెప్పకపోతే ఇంటికెళ్ళి మళ్ళీ కోస్తుంది. చెబితే రెండో ప్రశ్న ఏమడుగుతుందో తెలుసు కాబట్టి పదకొండు రోజులు నోరు విప్పలేకపోయాను.

"నాకెందుకొచ్చిందే ఇది? సైన్సు చదివావుగా, చెప్పు."

"వయసమ్మా."

"యాభై ఆరుకేనా? పక్క మంచం ఆవిడకి డెబ్బై రెండు. కాలు జారి పడి వచ్చింది, అంతే."

"ఇకమీద మాత్ర విరవకు. మొత్తం వేసుకో."

"ఎందుకు?"

"డాక్టరు చెప్పమన్నారు."

"నా క్లాసులో ఈ జవాబుకి సున్నా" అని అటు తిరిగి పడుకుంది.

మర్నాడు ఇంటికి పంపిస్తామన్నారు. ఆ పొద్దున నర్సు మాత్ర ఇచ్చి వెళ్ళింది. అమ్మ నేను పట్టుకున్న గ్లాసులో నీళ్ళు తాగింది. ఎడమ గుప్పిట మాత్రం తెరవలేదు. నేను వేళ్ళు ఒక్కొక్కటే విప్పాను. కొరికిన సగం బిళ్ళ.

పాపని మంచం చివర కూర్చోబెట్టి మొత్తం చెప్పేశాను. పూత గురించి, పది గంటల గురించి, గాజు పాత్రల గురించి. పిల్ల అప్పజెబుతుంటే వినేదానిలా నా మొహం వైపు చూస్తూ విన్నది.

"ఇది నీకు ఎప్పట్నుంచి తెలుసు?"

"ఉద్యోగంలో చేరినప్పట్నుంచి."

"నేను విరుస్తానని తెలీదా?"

తెలియదని ఎలా చెప్పను? ఆ ఇంట్లో పుట్టి పెరిగినదాన్ని.

అమ్మ ఒక్కో మాటా కూడగట్టుకుంటూ అంది. "అర్థమైందా అని అడిగితే క్లాసు మొత్తం అయిందంటుంది. అలా అడగకూడదు. చేసి చూపించమనాలి. రోజూ ఫోన్‌లో వేసుకున్నావా అన్నావు. ఎలా వేసుకుంటున్నావని ఒక్కసారీ అడగలేదు."

"తప్పయిపోయిందమ్మా."

"నాదీ ఉంది. పిల్లని పట్టుకో, పడిపోతుంది" అని కళ్ళు మూసుకుంది.

మా ఇంటికి తీసుకొచ్చాను. రోజూ నా ఎదుటే నిండు మాత్ర నాలుక మీద పెట్టుకుని, మింగి, అడక్కుండానే నోరు తెరిచి చూపించేది. వద్దమ్మా అన్నా మానలేదు. మళ్ళీ బడికి వెళ్ళాలని ఎడమ చేత్తో అంకెలు దిద్దేది. తొమ్మిది మాత్రం తిరగబడేది. కళ్ళు తిరగడం ఆగిపోయింది. చెయ్యి రాలేదు. ఆరేళ్ళపాటు రక్తనాళాలకి జరిగింది ఇప్పుడు వెనక్కి పోదని డాక్టరు ముందే చెప్పారు. ఆ మాట నేను అమ్మకి చెప్పలేదు, తను అడగలేదు.

మూడో నెలలో రెండోసారి వచ్చింది. మధ్యాహ్నం, కుర్చీలో కూర్చుని ఉండగా. ఈసారి మాటా పోయింది. రెండు రోజులే బతికింది. నేను ఏం చెప్పినా అందిందో లేదో తెలియదు.

వరండాలో డాక్టరు నన్ను పక్కకి పిలిచి, "ఈసారి మీరు చెయ్యగలిగింది ఏమీ లేదమ్మా" అన్నారు. 'ఈసారి' అన్న మాట ఆయన మామూలుగానే అన్నారు. నేను పాపని ఇంకో భుజం మీదికి మార్చుకుని, "సరేనండీ" అన్నాను.